ఏ ప్రశ్నకు ఏ పేరు

బుజ్జీ,

దేవుణ్ణి నమ్మనివాళ్లంతా కలిసి పెట్టుకుంటున్న మీ సంఘంలో దేవుడి మీద పేచీ లేదు, సంఘం పేరు మీదే పేచీ అని రాశావు. ఒకబ్బాయి "నాస్తిక" అనే మాట సంఘం పేరులో ఉండి తీరాలంటున్నాడు. ఒకమ్మాయి "హేతువాద" అంటే చాలు, ఇళ్లల్లో కంగారు పడరు అంటోంది. ఇంకో అమ్మాయి అసలు లేనిదానికి పేరేమిటి అంటోంది. ముగ్గురి మాటా సబబుగానే ఉంది, అదే నా ఇబ్బంది అన్నావు. సబబే మరి. ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

దేవుణ్ణి నమ్ముతావా అనేది ఒక ప్రశ్న. దేవుడున్నాడో లేడో మనకు తెలిసే వీలుందా అనేది రెండోది. మంచీ చెడూ దేన్ని బట్టి తేల్చుకుంటావు అనేది మూడోది. జనాభా లెక్కల్లో నిన్ను ఎవరి పక్కన వేయాలి అనేది నాలుగోది. నాస్తికుడు అన్న పేరు మొదటిదానికి జవాబు. అజ్ఞేయవాది రెండోదానికి. హేతువాది (తర్కాన్ని బట్టి), మానవవాది (మనుషుల మేలును బట్టి) మూడోదానికి. "మతం లేదు" అనేది నాలుగోదానికి. ఈ నాలుగూ ఒకే మనిషికి ఒకేసారి వర్తించొచ్చు. నమ్మనివాళ్లు ఒకరినొకరు నొప్పించుకునేది ఎక్కువగా ఇక్కడే. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్నకు చెప్పినట్టు వింటారు. "నేను అజ్ఞేయవాదిని" అన్నవాణ్ణి పట్టుకుని "ధైర్యం చాలని నాస్తికుడు" అనేస్తారు. అతను చెప్పింది ధైర్యం గురించి కాదు, రుజువు గురించి.

అజ్ఞేయవాదిని ఇంగ్లీషులో "అగ్నాస్టిక్" అంటారు. ఆ మాట తయారుచేసింది జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ, 1869లో, లండన్‌లో. తన చుట్టూ ఉన్న పండితులంతా ఏదో ఒక వాదం పేరు చెప్పుకునేవాళ్లే. తనకొక్కడికే చెప్పుకోవడానికి పేరు లేదన్న ఇబ్బందిలోంచి "అగ్నాస్టిక్" అన్న మాట పుట్టిందని తర్వాత ఆయనే రాశాడు. ఆయన దృష్టిలో అది ఒక పద్ధతి: ఆధారం చూపలేనిదాన్ని తెలుసునని చెప్పకూడదు. అటూ ఇటూ కాకుండా మధ్యలో నిలబడినవాడు అనే అర్థం జనం వాడుకలో వచ్చి చేరింది. తత్త్వవేత్త బెర్ట్రండ్ రసెల్ 1947లో ఈ చిక్కును చక్కగా విప్పాడు. తత్త్వవేత్తల ముందైతే తను అజ్ఞేయవాదినని చెప్పుకోవాలన్నాడు, దేవుడు లేడని తిరుగులేని రుజువు చూపలేడు కాబట్టి. మామూలు మనుషుల ముందైతే నాస్తికుణ్ణని చెప్పుకోవాలన్నాడు, గ్రీకు కవి హోమర్ కావ్యాల్లోని దేవతలు లేరని కూడా ఎవరూ రుజువు చేయలేరు కాబట్టి. అయినా వాళ్ల విషయంలో ఎవరికీ సందేహం లేదు కదా. మనిషీ ఒక్కడే, అభిప్రాయమూ ఒక్కటే, వినేవాణ్ణి బట్టి పేరు మారింది. దాన్ని నేను మాట మార్చడం అనను. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పడం అంటాను.

ఇక "నాస్తికుడు". మీలో కొందరికి ఆ మాట గుచ్చుకుంటోందంటే ఆశ్చర్యం లేదు. అది నమ్మనివాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు, ఎదుటివాళ్లు వాళ్లమీద వేసిన ముద్ర. మనుస్మృతి రెండో అధ్యాయం పదకొండో శ్లోకం చూడు. హేతుశాస్త్రాన్ని ఆసరా చేసుకుని శ్రుతిస్మృతుల్ని (వేదాల్నీ ధర్మశాస్త్రాల్నీ) లెక్కచేయనివాణ్ణి సాధువులు వెలివేయాలి, వాడు నాస్తికుడు, వేదనిందకుడు అంటుంది. "హేతువాద" అంటే ఎవరికీ కోపం రాదనుకునే మీ స్నేహితురాలికి ఇది చూపించు. ఆ రెండు మాటలూ ఒకే శ్లోకంలో, ఒకే నేరంగా ఉన్నాయి. పాత లెక్కలో నాస్తికత్వం అంటే ముఖ్యంగా వేదాన్ని ఒప్పుకోకపోవడం. అందుకే సృష్టికర్త అవసరం లేదన్న సాంఖ్యులు, మీమాంసకులు అనే రెండు పాత తత్త్వ సంప్రదాయాలవాళ్లు ఆస్తికుల జాబితాలోనే ఉన్నారు. బౌద్ధులు, జైనులు, చార్వాకులు నాస్తికులయ్యారు. ఇతర దేశాల్లోనూ అంతే. ఏథెన్స్‌లో సోక్రటీస్ మీద పెట్టిన అభియోగాల్లో నగర దేవతల్ని గుర్తించడం లేదనేది ఒకటి. రోమన్లు తమ దేవతల్ని కొలవని తొలి క్రైస్తవులను కూడా నాస్తికులనే అన్నారు. ఎవరి దేవుణ్ణి నువ్వు కొలవవో వాళ్లకు నువ్వు నాస్తికుడివి. ఇన్ని వందల ఏళ్లు తిట్టుగా వాడిన మాటను ఒక తరం నోట పొగడ్తగా పలికించాలంటే కష్టమే.

తిట్టు బరువు ఇప్పటికీ ఉంది, కొలిచి చూపించొచ్చు కూడా. అమెరికాలో గ్యాలప్ సంస్థ ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది. మీ పార్టీ తరఫున తగిన అర్హతలున్న నాస్తికుడు అధ్యక్ష పదవికి నిలబడితే ఓటేస్తారా అని. 1958లో వేస్తామన్నవాళ్లు 18 శాతం. 2020లో 60 శాతం. పెరిగింది, నిజమే. కానీ ఆ ఒక్క మాట వినగానే అప్పటికీ పదిమందిలో నలుగురు వెనక్కి తగ్గారు. సౌదీ అరేబియాలో 2014లో వచ్చిన నిబంధనలు నాస్తిక ఆలోచననే ఉగ్రవాదం కింద చేర్చాయి. మన దగ్గర ఎక్కువగా వినబడే నింద అహంకారం. అదీ కొత్తది కాదు. 1930లో లాహోర్ జైల్లో భగత్ సింగ్ తన నాస్తికత్వం గురించి రాసిన వ్యాసం మొదలయ్యేదే పొగరు వల్ల దేవుణ్ణి వదిలేశాడన్న నిందకు జవాబుగా.

"లేనిదానికి పేరెందుకు" అన్న అమ్మాయి వాదన గట్టిదే. రచయిత శామ్ హారిస్ 2007లో నాస్తికుల సదస్సులోనే నిలబడి ఈ మాట అన్నాడు. జ్యోతిషాన్ని నమ్మనివాళ్లకు ప్రత్యేకంగా పేరు లేదు, మనకెందుకు అని. నాకు ఇందులో సగమే నచ్చుతుంది. జ్యోతిషం నమ్మనంత మాత్రాన ఎవరూ పిల్లనివ్వడం మానరు, జైల్లో వేయరు, ఓటు ఆపరు. నమ్మకపోవడానికి శిక్ష ఉన్నచోట ఆ శిక్ష పడేవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టాలి, అందుకు పేరు కావాలి. శిక్ష లేనిచోట ఆ అమ్మాయి మాటే సరి.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఈ తగవు ఇద్దరు నాయకుల మధ్య నడిచింది. జార్జ్ జేకబ్ హోలియోక్ 1842లో దైవదూషణ నేరం మీద ఆరు నెలలు జైల్లో ఉన్నవాడు. ఆయన 1851లో "సెక్యులరిజం" అనే మాట తెచ్చాడు. నాస్తికుడన్న మాటకు నీతిలేనివాడన్న అర్థం అంటుకుని ఉంది కాబట్టి వేరే పేరుతో ఎక్కువమందిని కలుపుకోవచ్చని ఆయన ఆలోచన. చార్లెస్ బ్రాడ్‌లా నాస్తికుణ్ణనే చెప్పుకున్నాడు. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచినా, దేవుడి పేరు మీది ప్రమాణం దగ్గర తగవు పెట్టి పార్లమెంటులో కూర్చోనివ్వలేదు. మళ్లీ మళ్లీ పోటీ చేసి గెలిచి, చివరికి 1886లో కూర్చున్నాడు. ప్రమాణం బదులు, దేవుడి పేరు లేని ధ్రువీకరణ చేసే హక్కును 1888లో చట్టం చేయించాడు. మెత్తని పేరు మనుషుల్ని తెచ్చింది, గట్టి పేరు హక్కును తెచ్చింది. ఒకదాన్ని చూపి రెండోదాన్ని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. మన తెలుగువాళ్లలో గోరా (గోపరాజు రామచంద్రరావు) బ్రాడ్‌లా దారి పట్టాడు. 1940లో ముదునూరులో పెట్టి, 1947లో విజయవాడకు మార్చిన సంస్థకు నాస్తిక కేంద్రం అనే పేరు పెట్టాడు. ఆయనకు నాస్తికత్వం అంటే దేవుణ్ణి కాదనడంతో ఆగిపోయేది కాదు. తన బతుక్కి తనే బాధ్యుణ్ణని మనిషి ఒప్పుకోవడం, ఆ పని అంటరానితనం మీద పోరాటంలో కనబడడం. తిట్టును తీసుకుని అందులో పని నింపాడు. ఆ మాటకు మర్యాద తేవడానికి అంతకంటే మంచి పద్ధతి నేనెరగను.

పేరు చెడగొట్టుకున్న ఉదాహరణ కూడా ఒకటి ఉంది. 2003లో అమెరికాలో ఇద్దరు "బ్రైట్" అనే కొత్త పేరు తెచ్చారు. పేరున్న రచయితలు పత్రికల్లో దాన్ని మెచ్చుకుంటూ రాశారు. అయినా నమ్మనివాళ్లే చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. మనం వెలుగైతే మిగతావాళ్లు చీకటా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. తనను తాను పొగుడుకునే పేరు నిలవదు. మీరు రాసుకున్న పేర్ల జాబితాలో "వివేకవంతుల వేదిక" అని ఒకటి ఉంది చూశావా, దాన్ని ఈ కారణంతోనే కొట్టేయండి. "సెక్యులర్" ఉన్నదాన్ని కూడా. రాజ్యం మతానికి దూరంగా ఉండాలనే భక్తులు బోలెడంతమంది ఉన్నారు, వాళ్లూ సెక్యులరే. నమ్మకం లేకపోవడానికి ఆ పేరు వాడితే వాళ్లకు అన్యాయం, మీకు అయోమయం.

నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడు పేరు కన్నా వాక్యం మేలు. "నువ్వు నాస్తికురాలివా?" అని ఎవరైనా అడిగితే "దేవుణ్ణి నమ్మను" అని చెప్పు. "అంటే మా పూజల్ని తిడతావా?" అంటారు. "లేదు, నమ్మను, అంతే." పేరు చెబితే వినేవాళ్లు అందులో తమకు తెలిసిన నాస్తికులందరినీ కలిపేసుకుంటారు. వాక్యం చెబితే నువ్వన్నంత వరకే వినబడుతుంది.

కాగితం మీద మాత్రం ఇందుకు తలకిందులు. అక్కడ స్పష్టమైన పేరు కావాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీని "చెప్పలేదు" కింద వేస్తారు, "లేదు" కింద వేయరు. 2011 జనగణనలో దేశంలో మతం చెప్పనివాళ్లు దాదాపు 28.7 లక్షలు. నాస్తికులుగా నమోదైనవాళ్లు సుమారు 33 వేలు. ఆ ఫారంలో ఆరు మతాలకు అంకెలుండేవి, మిగతావి మాటల్లో రాయాల్సి వచ్చేది. ఇంటి పెద్దకు వేసిన అంకెనే వరసగా అందరికీ వేసేసుకుంటూ పోతే నీ మాట పోతుంది. అందుకని లెక్కలవాళ్లు వస్తే "మతం లేదు" అని విడిగా చెప్పి, రాసింది ఒకసారి చూడు. ప్రశ్న అడిగే తీరుకూ బలం ఉంది. ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో "మీ మతం ఏమిటి?" అనే అడుగుతారు, ఏదో ఒకటి ఉంటుందన్నట్టు. అయినా మతం లేదన్నవాళ్లు 2011లో 25.2 శాతం ఉంటే 2021లో 37.2 అయ్యారు. ఆస్ట్రేలియా 2016లో "మతం లేదు" గడిని జాబితాలో పైకి తెచ్చింది. ఆ ఏడు 30.1 శాతం వచ్చింది. పెరుగుదల అంతా గడి జరపడం వల్లేనని నేననను, కానీ అడుగున ఉన్న గడి చాలామంది కంట పడదు. అమెరికాలో ప్యూ సంస్థ 2024 మొదట్లో ప్రచురించిన లెక్కలో ఏ మతానికీ చెందనివాళ్లు 28 శాతం. వాళ్లలో నాస్తికులమన్నవాళ్లు 17 శాతం, అజ్ఞేయవాదులు 20, మిగిలిన 63 శాతం "ప్రత్యేకంగా ఏదీ కాదు" అన్నారు. ఆ 63లో దేవుణ్ణి నమ్మేవాళ్లూ ఉన్నారు. "మతం లేదు" అన్నవాళ్లందరినీ మీ లెక్కలో కలుపుకోకండి.

మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతం చేయకూడదని, మతం లేదని చెప్పుకునే హక్కు ఉందని 2014లో బాంబే హైకోర్టు చెప్పింది. పుట్టిన ధ్రువపత్రం దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అన్న గడి ఉంచాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. అయితే ఇది గుర్తుంచుకో: గడిలో ఏం రాసినా పెళ్లికి, ఆస్తికి వర్తించే చట్టం దానంతట అదే మారదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాళ్లను సాధారణంగా తన పరిధిలోకే తీసుకుంటుంది. ఇంకోటి, ఇది మరీ ముఖ్యం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే. మీలో కుల ధ్రువపత్రం మీద చదువు ఆధారపడి ఉన్నవాళ్లుంటే "మతం లేదు" అని రాయమని ఒక్క మాట కూడా ఒత్తిడి చేయొద్దు. వకీలును అడిగి వాళ్లే తేల్చుకుంటారు. పోగొట్టుకునేది లేనివాళ్లు పోగొట్టుకునేవాళ్లకు ధైర్యం నేర్పకూడదు.

ఇక సంఘం సంగతి. పేరు గురించి ఓటు వేసే ముందు, సంఘం ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో రాయమని ఒక్కొక్కరికీ చీటీ ఇవ్వు. చీటీల్లో ఎక్కువగా బాబాల మోసాలు బయటపెట్టడం అని వస్తే "హేతువాద" సరైన పేరు. మతం విడిచినందుకు ఇంట్లో ఇబ్బంది పడుతున్నవాళ్లకు తోడు అని వస్తే "నాస్తిక" ఉండాలి, లేకపోతే వెతుక్కుంటున్నవాళ్లకు మీరు దొరకరు. రక్తదానం, చదువు చెప్పడం లాంటివి వస్తే "మానవవాద". సభ్యత్వానికి మాత్రం ఏ పేరునూ షరతు చేయకండి. "సంఘం ఆశయాలతో ఏకీభవిస్తున్నాను" అన్న సంతకం చాలు. సభ్యుల పట్టికలో నాస్తికుడు, అజ్ఞేయవాది అని గడులు గీయొద్దు, అవసరం లేని సమాచారం ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోతుంది. ఫోటోలు పెట్టేముందు అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగండి.

వాట్సాప్ గ్రూపుకు సంఘం పేరు పెట్టకు. మెసేజ్ వచ్చినప్పుడల్లా లాక్ స్క్రీన్ మీద గ్రూపు పేరు కనబడొచ్చు. ఫోను టేబుల్ మీద ఉంటే పక్కనున్నవాళ్లెవరైనా చదువుతారు. "శనివారం చదువు" లాంటిదేదో పెట్టండి. తీర్మానం ముసాయిదా రాశాక నాకు పంపు, సభ్యత్వం నిబంధన ఒకసారి చూస్తాను.

అమ్మ