సరిహద్దు ఇవతలి పాఠకులకూ గ్రంథాలయ సభ్యత్వం ఇవ్వాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

గ్రంథాలయాల దుస్థితి గురించి మీ పత్రికలో తరచూ ఉత్తరాలు చూస్తుంటాను. అవన్నీ ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళ నుంచి వచ్చినవే. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన మా ఊళ్ళ సంగతి కూడా ఒకసారి మీ పాఠకుల ముందు పెట్టాలని ఇది రాస్తున్నాను. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇక్కడా, కాశీనగరం, గుణుపురం వైపూ, అటు బరంపురంలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సంతకీ పెళ్ళికీ పేరంటానికీ మాకు తెలుగే. చదువుకోవడానికి మాత్రం ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో ఆరా తీసి, అడిగి తెచ్చుకోవాలి.

అలా అడిగి తెచ్చుకోవడంలో ఉన్న ఆనందం ముందు చెప్పాలి. మా వీధిలో పుస్తకం ఒకరి దగ్గర నిలవదు. ఎవరైనా శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో వస్తూ ఒక నవల తెచ్చారంటే, వాళ్ళింకా సగం చదవకముందే "మీ తర్వాత నాకే" అని చెప్పి ఉంచేవాళ్ళుంటారు. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి దాచి, దబ్బనంతో కుట్టి, క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన సంపుటాలు ఇప్పటికీ మా ఇళ్ళలో ఉన్నాయి. మా ఇంట్లో ఉన్న ఒకదానిలో సరిగ్గా కథ ముదిరిన చోట ఒక వారం భాగం లేదు. మా అత్తగారు ఆ చోట తెల్లకాగితం కుట్టి, ఆ వారం ఏం జరిగిందో తనకు గుర్తున్నంత మేరకు పెన్సిలుతో రాసిపెట్టారు. తర్వాత చదివినవాళ్ళు దాని కిందనే తమకు తెలిసింది చేర్చుతూ వచ్చారు. ఒకావిడ "ఉత్తరం చింపింది చెల్లెలు, వదిన కాదు" అని దిద్దింది. మరొకరు ఆ దిద్దుబాటు మీద గీత కొట్టి "వదినే" అని రాశారు. ఆ కాగితం చదవడానికే పుస్తకం అడిగి తీసుకెళ్ళేవాళ్ళున్నారు.

మా ఎదురింటి కోడలు ఒడియా బడిలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. ఇక్కడ మా పిల్లల తరం చాలామంది అంతే. మధ్యాహ్నం పూట ఆ అమ్మాయి చింతపండు పిక్కలు తీస్తుంటే వాళ్ళ అత్తగారు పక్కన కూర్చుని పైకి చదువుతారు. కథ మంచి పట్టు మీదున్నప్పుడు ఆవిడ కళ్ళజోడు తీసి కునుకు తీస్తానంటే ఈ పిల్ల ఒప్పుకోదు. మిగతాది తనే చదువుకోవాలన్న పట్టుదలతో ఈమధ్య పలక తెచ్చుకుని అత్తగారి దగ్గరే గుణింతాలు దిద్దుతోంది. బడి నేర్పలేనిది ఒక కథ నేర్పుతోంది. అందుకే చేతులు మారే పుస్తకాలంటే నాకంత ప్రాణం.

ఇక బాధలు. ఇచ్చిన పుస్తకం తిరిగి రాకపోవడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. కానీ విజయవాడలోనో హైదరాబాదులోనో పుస్తకం పోతే ఇంకో ప్రతి వెతుక్కోవచ్చు, పాత పుస్తకాల దుకాణాలైనా ఉంటాయి. ఇక్కడ పోతే పోయినట్టే. రెండు భాగాల నవలలో ఒక భాగం బదిలీ మీద వెళ్ళిన వాళ్ళ సామానుతో భువనేశ్వర్ చేరిపోతే, మిగిలిన భాగం ఎవరికీ పనికిరాదు. ఇలా దెబ్బతిన్న తర్వాత కొందరు బీరువాకు తాళం వేసేశారు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. ఇంకా బాధించేది మరొకటుంది. పెద్దాయన పోతారు, పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉంటారు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆయన జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు కిలోల లెక్కన పాత కాగితాల బండికి వెళ్ళిపోతాయి. తెలుగు చదవలేని పిల్లలకు ఆ బీరువాలో ఏముందో తెలిసే దారి లేదు.

కొని తెప్పించుకుందామంటే తపాలా ఖర్చు. ఐదు కిలోల పుస్తకాలను తక్కువ ధరకు దేశంలో ఏ మూలకైనా చేర్చిన రిజిస్టర్డ్ బుక్‌పోస్టును 2024 డిసెంబరులో ఆపేశారు. ప్రచురణకర్తలూ పాఠకులూ గోల పెట్టాక, 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' పెట్టారు. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ఇది మేలే. అయితే నియమాల్లో విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలని రాశారు. కథలు, నవలలు, కవిత్వం కూడా ఇందులోకి వస్తాయని స్పష్టంగా ఒక్క వాక్యం చేర్చాలని తపాలా శాఖకు నా విన్నపం. మా లాంటి ఊళ్ళకు పుస్తకం వచ్చే ముఖ్యమైన దారి అదే.

అసలు విషయానికి వస్తాను. పర్లాకిమిడి నుంచి నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. సరిహద్దు అవతల ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చుని ఎంతసేపైనా చదువుకోమన్నారు, మర్యాదగానే మాట్లాడారు. పుస్తకం ఇంటికిమ్మంటే మాత్రం నా ఆధార్‌లో ఒడిశా చిరునామా చూసి కుదరదన్నారు. వంట, ఇల్లు చూసుకోవాల్సిన ఆడవాళ్ళు, కాళ్ళనొప్పుల పెద్దవాళ్ళు అక్కడ కూర్చుని ఎంతని చదవగలరు? 

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆంధ్రలో ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. ఆ సెస్సు కట్టని ఒడిశావాళ్ళకు పుస్తకాలెందుకివ్వాలని ఎవరైనా అడగవచ్చు. ఉచితంగా ఇవ్వమని నేనూ అనడం లేదు. మా దగ్గర ఏడాదికి రుసుము తీసుకోండి, పుస్తకం ఖరీదుకు తగ్గ డిపాజిట్ కట్టించుకోండి, స్థానికుల హామీ కావాలంటే అదీ తెస్తాం. పాతపట్నంలో మాకు చుట్టాలు లేని ఇల్లెక్కడ? ఇచ్ఛాపురం నుంచి పార్వతీపురం దాకా సరిహద్దు శాఖలన్నిటికీ ఈ ఏర్పాటు చేయవచ్చు. మహారాష్ట్రలో సిరొంచా ప్రాంతపు తెలుగువాళ్ళ కోసం తెలంగాణ ప్రభుత్వం కూడా ఇదే ఆలోచించాలి.

ఒడిశా ప్రభుత్వాన్నీ అడగాల్సింది ఉంది. ఇక్కడా 2001లో గ్రంథాలయ చట్టం వచ్చింది. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ రాష్ట్రాలకు పుస్తకాల కొనుగోలులో సాయం చేస్తుంది. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఆ సాయంతో కొనేవాటిలో ఏటా కొన్ని తెలుగు పుస్తకాలుంటే, ఒక్కో గ్రంథాలయంలో ఒక్క బీరువా నింపడం కష్టమేమీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాల పాటు ఉండి పాఠాలు చెప్పిన ఊరు మాది. 1936లో కొత్తగా ఏర్పడిన ఒడిశాలో ఈ ఊరు కలిసినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉండిపోయాం, ఇక్కడివాళ్ళమే. ఒడియా మీద మాకే వైరమూ లేదు, మా పిల్లలు ఆ భాషలోనే చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నారు. దాని పక్కన తెలుగుకు ఒక అర ఇమ్మంటున్నాం.

పెద్దవాళ్ళు పోయినప్పుడు బండికి పోయే పుస్తకాల విషయంలో చదువరులకు ఒక మాట. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం పాత పత్రికల్లోని తెలుగు కథలను సేకరించి భద్రపరుస్తోంది. పాత కాగితాల వాడిని పిలిచే ముందు అలాంటి చోటికి ఒక కబురు పంపండి.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల గ్రంథాలయ అధికారులకు ఈ ఉత్తరం చేరితే, సరిహద్దు ఇవతలివాళ్ళు సభ్యత్వానికి ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలో మీ పత్రిక ద్వారానే తెలియజేయాలని కోరుతున్నాను. డిపాజిట్ ఎంతన్నా మా వీధివాళ్ళం కలిసి కట్టడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా