ఫ్రీ నంబరు ఎవరికి ఫ్రీ? – మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో రోడ్లు, మురుగు కాలువ, వినాయక చవితి చందాలు ముందు వస్తాయి. ఈసారి వాటిని వెనక్కి జరిపి ఫోన్ల సంగతి ముందు పెడుతున్నాను. ఎందుకో మీకు తెలుసు. జులైలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిన రాత్రి గేటు దగ్గర ఏం జరిగిందో సగం మంది కళ్లారా చూశారు, మిగతా సగం మర్నాడు వాట్సాప్ గ్రూపులో చదివి ఇంకో నాలుగు మాటలు కలిపారు.

రాత్రి పదకొండున్నరకు టప్‌మని చప్పుడు, నాలుగు లైన్లలో చీకటి. వాచ్‌మన్ సంఘం కొనిచ్చిన బటన్ ఫోన్ తీసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి కొట్టాడు. అవుట్‌గోయింగ్ ఆగిపోయింది, రీచార్జ్ చేసుకోమని చెప్పింది అవతలి గొంతు. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే మాట. ఆ నెల మొదటి వారంలోనే జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా రేట్లు పెంచాయి. మన కోశాధికారి అలవాటు ప్రకారం పాత మొత్తంతోనే రీచార్జ్ చేయబోయారు, అది తీసుకోలేదు. సాయంత్రం చూద్దాంలే అనుకున్నారు. ఆ సాయంత్రం రాలేదు. (ఈ నాలుగు వాక్యాలూ ఉన్నదున్నట్టు రాయమన్నది ఆయనే.) చివరికి ఎవరింట్లోంచో ఫోన్ వెళ్లింది, తెల్లవారుజామున కరెంటు వచ్చింది. కానీ ఆ రాత్రి చీకట్లో మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆరో లైన్ మాస్టారు అడిగిన ప్రశ్న మాత్రం ఏడాదంతా మమ్మల్ని వదల్లేదు: “అవి ఫ్రీ నంబర్లే కదండీ, మరి డబ్బులు లేకపోతే ఎందుకు పోదు?”

ఫోన్ బృందం

ఆ ప్రశ్నకి సమాధానం వెతకడానికి ఆగస్టులో నలుగురితో బృందం వేశాం. అందులో ఒకరు టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన ఐదో లైన్ పెద్దాయన. మిగిలినవాళ్లు డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు, నేను. ఆదివారం పదకొండు నుంచి పన్నెండు దాకా కమ్యూనిటీ హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నాం. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం మూడో లైన్ పెద్దమ్మ వచ్చింది, చేతిలో రబ్బరు బ్యాండు చుట్టిన ఫోనుతో.

భర్త పోయాక ఆయన బీమా కాగితాల గురించి ఆమె ఒక కంపెనీకి ఫోన్ చేసింది. కాగితం మీద నంబరు 1860తో మొదలవుతుంది. “18తో మొదలైంది, ఫ్రీయే కదా నాయనా” అని స్పీకర్లో పెట్టి, పళ్లెం ముందేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. తెలుగు కోసం ఏదో అంకె నొక్కమంది, నొక్కింది. తర్వాత పాట. ఇరవై మూడు నిమిషాల పాట. చిక్కుడుకాయలు అయిపోయాయి, వంకాయలు కూడా తరిగేసింది. ఎవరో పలికి, పాలసీ నంబరు సగం చెప్పేలోపు లైను కట్. తెర మీద కాల్ ఖర్చు ఇంత, మిగిలింది ఇంత అని మెసేజ్. మెయిన్ బ్యాలెన్స్ దాదాపు ఊడ్చుకుపోయింది. ఆమె ప్యాక్‌లో మామూలు కాల్స్ ఎన్ని చేసుకున్నా పైసా పడదు. కానీ 1860 అందులో కలవదు.

దీని గుట్టు ఐదో లైన్ పెద్దాయన విప్పి చెప్పారు. 1800 నంబరుకి చేసినవాళ్ల దగ్గర తీసుకోరు, ఆ నంబరు పెట్టుకున్న సంస్థే మొత్తం కడుతుంది. 1860లో చేసినవాళ్లు లోకల్ కాల్ రేటు కట్టాలి, మిగతాది సంస్థ భరిస్తుంది. ఎస్టీడీ రోజుల్లో అది నిజంగా మేలే. ఆదిలాబాద్ నుంచి బొంబాయి ఆఫీసుకి లోకల్ రేటుకే మాట్లాడటమంటే మాటలా? అప్పట్లో రాత్రి పదకొండు దాటాక రేటు పావు వంతుకి దిగుతుందని పసుపు బోర్డుల టెలిఫోన్ బూత్‌ల ముందు వరసలు కట్టినవాళ్లం మనం. ఇప్పుడు ఎస్టీడీ అన్న మాటే పోయింది, 040 నంబరుకో మామూలు సెల్ నంబరుకో గంట మాట్లాడినా ప్యాక్‌లోనే. అప్పటి రాయితీ నంబరే ఇప్పుడు పెద్దమ్మ ఫోన్‌లో అన్నిటికంటే ఖరీదైన నంబరైంది. కంపెనీలు మాత్రం ఆ నంబరునే అచ్చేస్తున్నాయి.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. 1800 నంబర్లు కూడా పుట్టినప్పటి నుంచీ అందరికీ అందినవి కావు. ఒక నెట్‌వర్క్‌లో తెరిచిన టోల్ ఫ్రీ నంబరుకి వేరే నెట్‌వర్క్ వాళ్లు చేస్తే పోకపోవడం ఉండేది. ఏ నెట్‌వర్క్ నుంచి చేసినా పోవాలని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో నిబంధన పెట్టాక దారి పడింది. ఒక కంపెనీ కాల్ ఇంకో కంపెనీ గడప తొక్కినందుకు ఇచ్చుకునే సుంకం కూడా ఉండేది. నిమిషానికి 14 పైసలున్నది 2017 అక్టోబరులో 6 పైసలైంది, 2021 జనవరి 1 నుంచి సున్నా. మనం వాడే “అన్‌లిమిటెడ్” వెనక ఆ సున్నా ఉంది.

మాస్టారి ప్రశ్నకి సమాధానం కూడా ఇక్కడే దొరికింది. ఫ్రీ అన్నది ఆ కాల్‌కి. ఫోన్ ప్రాణంతో ఉండటానికి కాదు. వ్యాలిడిటీ అయిపోయాక అవుట్‌గోయింగ్ తలుపు మూసేస్తే, ఏ నంబరు ఫ్రీయో చూసుకునే అవకాశం మన దాకా రాదు. ఇది పుస్తకంలో చూసి రాసింది కాదు, వ్యాలిడిటీ అయిపోయిన ఫోన్లు మూడు తెచ్చుకుని 1800కి కొట్టి చూసి రాస్తున్నది.

ఆ బీమా కంపెనీకి సంఘం లెటర్‌హెడ్ మీద రెండు ఉత్తరాలు రాశాం, 1800 నంబరు పెట్టండి మహాప్రభో అని. మొదటిదానికి “మీ సూచనకు ధన్యవాదాలు” అని వచ్చింది. రెండోదానికి ఒక కుర్రాడు ఫోన్ చేసి, 1800 నంబరు ఎప్పటినుంచో ఉందని, పాలసీ నాలుగో పేజీ అడుగున ఉంటుందని చెప్పాడు. భూతద్దం పెట్టి చూశాం. ఉంది.

లండన్ పిల్లల ఇళ్లు

లండన్ అంటే ఇంగ్లండ్ అంతా అనుకోండి, మన దగ్గర అలాగే అంటాం. అక్కడ పిల్లలున్న ఇల్లు ప్రతి లైనులోనూ ఉంది. ఆరు నెలలు ఉండి నవంబరులో తిరిగొచ్చిన రెండో లైన్ దంపతులు చెప్పింది విని డిసెంబరు సమావేశంలో గంటన్నర ఈ సంగతే నడిచింది. లెస్టర్‌లో కూతురింట్లో ఉన్నన్నాళ్లూ ఆయన 0800 నంబరుకి ఫోన్ చేయాలంటే పక్కింటి పంజాబీ ఆయన ల్యాండ్‌లైన్ దగ్గరికి నడిచి వెళ్లేవారు. చలిలో, మఫ్లరు చుట్టుకుని. “0800 ల్యాండ్‌లైన్ నుంచే ఫ్రీ, సెల్ నుంచి చేస్తే తోలు తీస్తారు” అని అక్కడ ఎప్పుడో స్థిరపడ్డ మనవాళ్లెవరో చెప్పారట.

ఆ సలహా అబద్ధం కాదు, పాతబడిపోయింది అంతే. 2015 జూన్ నెలాఖరు దాకా అక్కడ అదే పరిస్థితి. 0800, 0808 నంబర్లు ఇంటి ఫోన్ నుంచి ఉచితం, సెల్ నుంచి చేస్తే నిమిషానికి 40 పెన్నీల దాకా పడేది. కారణం ఏమిటంటే, నంబరు పెట్టుకున్న సంస్థ వైపు నుంచి వచ్చే సొమ్ము మా నెట్‌వర్క్ ఖర్చుకి చాలదని సెల్ కంపెనీలు ఆ తేడాని చేసినవాళ్ల మీద వేసేవి. దెబ్బ తగిలింది ఎవరికి? ఇంట్లో ల్యాండ్‌లైన్ పెట్టుకోలేక సెల్ ఒక్కటే నమ్ముకున్నవాళ్లకి. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2013 డిసెంబరులో నిర్ణయం ప్రకటించి, కంపెనీలకు ఏడాదిన్నర గడువిచ్చి, 2015 జులై 1 నుంచి 0800, 0808, 116 నంబర్లు సెల్ నుంచి కూడా ఉచితం చేసింది. కాబట్టి ఆ మఫ్లరు నడకలన్నీ దండగే. (“వాకింగ్ అయిందిలే” అన్నారు ఆంటీ.)

అదే రోజు ఇంకో మార్పు కూడా వచ్చింది. వెళ్లేవాళ్లు ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోవాలి. 084, 087, 09, 118తో మొదలయ్యే నంబర్ల ఖర్చుని రెండు ముక్కలు చేశారు. ఒకటి మన సిమ్ కంపెనీ తీసుకునేది, రెండోది ఆ నంబరు పెట్టుకున్నవాళ్లు తీసుకునేది. రెండో ముక్క 084కి నిమిషానికి 7 పెన్నీలు, 087కి 13 పెన్నీలు, 09కి 3 పౌండ్ల 60 పెన్నీలు మించకూడదు. మొదటి ముక్క ఎంతో మీ సిమ్ కంపెనీ ధరల పట్టికలో చూసుకోవాల్సిందే, కంపెనీకి ఒక రేటు. మన 1860 లాంటి మోసపు పోలిక అక్కడా ఉంది: 0800 ఉచితం, 0870 కాదు. ఒక్క అంకె తేడా. 03తో మొదలయ్యేవి మాత్రం మామూలు 01, 02 నంబర్ల లెక్కే, ప్యాక్‌లో నిమిషాలుంటే వాటిలోనే పోతాయి.

వినడానికి వింతగా ఉంటుంది గానీ, అత్యవసరం కాని పనికి అక్కడి పోలీసులకి 101 కొడితే కాల్‌కి 15 పెన్నీలు తీసుకునేవాళ్లు. 2020 ఏప్రిల్ 1న అది తీసేశారు. బతుకు గడవక ప్రభుత్వ భృతికి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు యూనివర్సల్ క్రెడిట్ సహాయ నంబరుకి సెల్ నుంచి చేస్తే నిమిషానికి 55 పెన్నీల దాకా పడేది. దాని మీద పార్లమెంటులో గొడవై, 2017 అక్టోబరులో ఉచితం చేస్తామని ప్రకటించారు. సమావేశంలో ఇది చదివినప్పుడు పెద్దమ్మ ఒక్క మాట అంది: “ఐతే అక్కడ కూడా చిక్కుడుకాయలేనన్నమాట.”

ఒక హెచ్చరిక. ఈ ఉచితం అక్కడి సిమ్‌కి. మన సిమ్ రోమింగ్‌లో పెట్టుకుని 0800 కొడితే రోమింగ్ రేటు పడుతుంది. ఇక్కడ కూర్చుని అక్కడి 0800కి చేద్దామన్నా చాలావాటికి పోదు, పోయినా ఐఎస్‌డీ కాలే. అక్కడి నుంచి మన బ్యాంకుల 1800కి చేసినా అంతే. వెళ్లేముందు మీ బ్యాంకు విదేశాల నుంచి చేసేందుకు ఇచ్చిన +91 నంబరు రాసుకుని వెళ్లండి. పెరిగిన పిల్లలకి ఫోన్ చేసి అడిగితే “గూగుల్‌లో ఉంటుంది నాన్నా” అంటారు.

గూగుల్‌లో ఉన్నది

అలా గూగుల్‌లో వెతికిన ఒక సభ్యుడికి “కస్టమర్ కేర్” పేరుతో మామూలు పదంకెల సెల్ నంబరు దొరికింది. అవతలివాడు మర్యాదగానే మాట్లాడి, ఏదో యాప్ వేసుకోమన్నాడు. ఓటీపీ అడిగేసరికి పక్కనే ఉన్న కోడలు ఫోన్ లాక్కుంది. డబ్బు పోలేదు కాబట్టి పేరు రాయొద్దన్నారు, పోయి ఉంటే అసలే రాయొద్దనేవారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టాలి. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చేసిన పనులు

గేటు పక్క గోడకి సున్నం కొట్టించి నంబర్లు రాయించాం: అత్యవసరానికి 112, కరెంటుకి 1912, జలమండలికి 155313, జీహెచ్‌ఎంసీకి 040-21111111, సైబర్ మోసాలకి 1930, పెద్దవాళ్ల కోసం ఎల్డర్ లైన్ 14567. ఈ చివరిది మన హైదరాబాద్‌లో మొదలై దేశమంతటికీ పాకింది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు, ఉచితం. పింఛను, వృద్ధాశ్రమం, ఇంట్లో వేధింపులు, ఏదైనా చెప్పుకోవచ్చు. పెయింటరు మొదట 14576 అని రాశాడు. మూడు రోజులు ఎవరూ గమనించలేదు, నాతో సహా.

2024 డిసెంబరులో ట్రాయ్ డేటా లేకుండా మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే ప్యాక్‌లు పెట్టాలని, ప్రత్యేక ప్యాక్‌ల గడువు 90 రోజులు దాటి 365 రోజుల దాకా ఇవ్వొచ్చని చెప్పింది. జనవరిలో ఆ ప్యాక్‌లు వచ్చాయి. బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్లు చాలామంది ఇన్నాళ్లూ వాడని డేటాకి డబ్బు కట్టారు. ఆదివారం బల్ల దగ్గర ఒక్కొక్కరికీ లెక్క వేసి, లాభం ఉన్నవాళ్లకే మార్చాం. అందరికీ లాభం లేదు, ఆ మాట కూడా చెప్పి పంపాం. వాచ్‌మన్ ఫోన్‌కి ఏడాది ప్యాక్ వేశాం. గడువు తేదీ సంఘం క్యాలెండరు మీద ఎర్ర సిరాతో ఉంది.

మిగతావి క్లుప్తంగా. నాలుగో లైన్ రోడ్డు వేశారు, ఐదో లైన్‌ది మళ్లీ మిగిలింది. వర్షాకాలం ముందు కాలువ పూడిక తీయించాం. బతుకమ్మ బాగా జరిగింది, మైకు పదింటికే కట్టేశాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. రెండేళ్లుగా చందా కట్టనివాళ్ల పట్టిక కూడా దాని పక్కనే పెడదామని కొందరన్నారు. ఇంకో నెల చూద్దామని కార్యవర్గం ఆగింది.

సర్వసభ్య సమావేశం రోజున కూడా ఫోన్ బల్ల ఉంటుంది. ఫోన్‌తో పాటు బీమా, బ్యాంకు కాగితాలు కూడా తెచ్చుకోండి. భూతద్దం సంఘం దగ్గర ఉంది, నాలుగో పేజీ అడుగున చూద్దాం.

– కార్యదర్శి