జాజికాయ పుస్తకాలు, బందరు గుడ్డలు

లైడెన్, నెదర్లాండ్స్,
2025 నవంబరు

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. ఈ మధ్య కొత్తగా ఏ పుస్తకాలు వస్తున్నాయో వివరంగా ఉత్తరం రాయమన్నారు, ఫోనులో చెబితే సగం వినపడదన్నారు. అందుకే కాగితం తీశాను. చలి గురించీ మీ అల్లుడి నడుం నొప్పి గురించీ అమ్మకు విడిగా రాస్తాను.

ఇక్కడి పుస్తకాల దుకాణాల్లో వంటల బల్ల మీద చరిత్ర, చరిత్ర బల్ల మీద తిండి కనిపిస్తున్నాయి. ఉప్పో, పంచదారో, తేయాకో, ఏదో ఒక దినుసును పట్టుకుని దాని వెంట ప్రపంచమంతా తిప్పి చూపించే పుస్తకాలకు మంచి గిరాకీ. చదువుతుంటే హాయిగానే ఉంటాయి. నాలుగైదు చదివాక మాత్రం విసుగొస్తుంది. ప్రతి దినుసూ ప్రపంచాన్ని మార్చేసిందని అట్ట మీదే రాసి ఉంటుంది. ఇన్ని దినుసులు ఇన్నిసార్లు మారిస్తే పాపం ఈ ప్రపంచం ఇంకా మిగిలి ఉండటమే గొప్ప.

నేను మాత్రం పుస్తకం చేతికి రాగానే చివర ఉన్న పదసూచిక తెరిచి మచిలీపట్నం ఉందా లేదా అని చూస్తాను. మన ఊరి మీద అభిమానం కొంత ఉందనుకోండి, కానీ సుగంధ ద్రవ్యాల చరిత్ర రాసినవారు బందరును ఎంత పట్టించుకున్నారో చూస్తే ఆ పుస్తకం లోతు తెలిసిపోతుంది.

అమితావ్ ఘోష్ 2021లో రాసిన ‘ద నట్‌మెగ్స్ కర్స్’ ముందు చెబుతాను. 1621 ఏప్రిల్‌లో ఒక రాత్రి, ఇండొనేషియాలోని బందా దీవుల్లో సెలామన్ అనే ఊళ్లో ఒక దీపం కింద పడుతుంది. ఆ చప్పుడుకే హడలిపోయి, తమ మీద దాడి జరుగుతోందనుకుని డచ్చివారు చీకట్లో తుపాకులు పేలుస్తారు. కథ అక్కడ మొదలవుతుంది. అప్పట్లో జాజికాయ చెట్టు ఆ కొద్దిపాటి దీవుల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. దాన్ని పూర్తిగా గుప్పిట్లో పెట్టుకోవాలని డచ్చి ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సోన్ కూన్ ఓడలతో వచ్చిపడ్డాడు. దాదాపు 15,000 మంది ఉన్న చోట చివరికి వెయ్యి మంది మిగిలారని చెబుతారు. చంపినవారిని చంపగా, తరిమినవారిని తరమగా, ఖాళీ అయిన తోటల్లో పనికి బానిసలను తెచ్చి పెట్టారు. ఈ భాగం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ తరువాత ఆయన దీన్ని ఈనాటి వాతావరణ సంక్షోభం దాకా తీసుకువెళతారు. అక్కడ కొంచెం సాగదీశారని నాకనిపించింది. మీకు అలా అనిపించకపోవచ్చు.

ఆ కూన్ పుట్టిన హోర్న్ పట్టణానికి మేము వెళ్లాం. ఊరి నడిబొడ్డున 1893లో నిలబెట్టిన అతని విగ్రహం ఉంది. 2011లో ఒక క్రేన్ తగిలి కింద పడిందట! మళ్లీ నిలబెట్టారు కానీ, ఈసారి బందాలో అతను చేసిన ఘోరాలను కూడా చెప్పే కొత్త ఫలకం పెట్టారు. ఊరి జనం రెండుగా చీలి వాదించుకుంటూనే ఉన్నారు. మన దగ్గర విగ్రహాల గొడవలు చూసిన కళ్లకు ఇదేమీ కొత్తగా తోచలేదు.

రోజర్ క్రౌలీ రాసిన ‘స్పైస్’ 2024లో వచ్చింది. పోర్చుగీసువారు మలక్కాను పట్టుకున్న 1511 నుంచి స్పెయిన్‌వారు మనీలాలో స్థిరపడిన 1571 దాకా నడుస్తుంది. తుపానులు, పగిలిన ఓడలు, ఆకలితో తోలు ఉడికించి తిన్న నావికులు, అంతా కళ్లకు కట్టినట్టు రాశారు. రాత్రి పక్కన పెట్టబుద్ధి కాదు. లవంగం చెట్లు పెంచినవారి గొంతు మాత్రం ఎక్కడో దూరాన లీలగా వినిపిస్తుంది.

ఒక్క సంగతి మీరు క్లాసులో పిల్లలకు చెప్పేవారు కనుక రాస్తున్నాను. ఇంగ్లీషువారు బందాలోని జాజికాయల దీవి ‘రన్’ను డచ్చివారికి ఇచ్చి న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌ను మార్చుకున్నారనే కథ చెప్పకుండా ఇలాంటి పుస్తకమేదీ ముగియదు. అలా పండ్ల బుట్టలు మార్చుకున్నట్టు ఎవరూ మార్చుకోలేదు. ఇంగ్లీషువారు 1664లోనే మాన్‌హటన్ మీద ఉన్న డచ్చివారి ఊరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను పట్టుకున్నారు. రన్ అప్పటికి డచ్చివారి చేతికి చిక్కింది. 1667లో బ్రెడా సంధిలో ఎవరి చేతిలో ఉన్నది వారికే అని రాజీపడ్డారు, అంతే.

ఇక నా అసలు ఫిర్యాదు. ఐరోపా నుంచి ఓడలు వచ్చాయి, జాజికాయలు, లవంగాలు నింపుకుని వెళ్లాయి అని రాస్తారు. ఏం ఇచ్చి కొన్నారు? ఐరోపా సరుకులు ఆ దీవుల్లో ఎవరికీ అక్కరలేదు. వారు అడిగింది గుడ్డ, అదీ మన తీరం గుడ్డ. 1602లో కంపెనీ పెట్టిన డచ్చివారు 1605 నాటికే బందరులో ఎందుకు దిగారు? పులికాట్‌కు 1610లో వెళ్లారు, ఇంగ్లీషువారు బందరుకు 1611లో వచ్చారు. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, లవంగాలు, జాజికాయలు పండే మొలుక్కా దీవులకు ఎడమ చెయ్యి లాంటిదనీ, అక్కడి బట్టలు లేకపోతే ఆ వ్యాపారం చచ్చినట్టేననీ హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి 1612లోనే రాశాడు. చిరివేరుతో ఎర్రరంగు ఎక్కించిన బట్టలు, నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం చుట్టుపక్కల మగ్గాలు, నేతగాళ్లకు ముందుగా ఇచ్చిన బయానాలు, ఇవన్నీ కలిస్తేనే జాజికాయ ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. పుస్తకాల్లో కెప్టెన్ల పెంపుడు కోతుల దాకా వర్ణిస్తారు, మగ్గానికి ఒక వాక్యం విదిలిస్తారు. కరువు కాలాల్లో ఇదే తీరం నుంచి మనుషులను కూడా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడలెక్కించారన్న సంగతికి చాలాచోట్ల ఆ ఒక్క వాక్యం కూడా దక్కదు. మనం బందరులో వలందపాలెం మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటాం! డచ్చివారి సమాధుల మీద చెక్కిన చిహ్నాలు చూపించారు కానీ, వారికి బట్ట నేసినవారి సమాధులు ఎక్కడని నేను అప్పుడు అడగనే లేదు.

ఇది మారే వీలుంది. హేగ్‌లోని జాతీయ పత్రాగారంలో ఆ కంపెనీ కాగితాలు కిలోమీటరుకు పైగా అరల్లో ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు ‘గ్లోబలైజ్’ అనే పరిశోధక బృందం దాదాపు 50 లక్షల పుటల చేతిరాతను కంప్యూటర్‌తో చదివించి, ఎవరైనా వెతుక్కునేలా పెడుతోంది. బందరు పేరు కొట్టి చూశాను. వరదలా వచ్చిపడ్డాయి. పాత డచ్చి భాష, ఒక్కో గుమాస్తాది ఒక్కో స్పెల్లింగు, నాకు సగం కూడా కొరుకుడు పడలేదు. ఆ భాషా తెలుగూ రెండూ వచ్చినవారెవరైనా దీని మీద కూర్చోవాలి.

ప్రపంచ వ్యవహారాల బల్ల మీదా ఆ దీవులే ఎదురవుతున్నాయి. లవంగాల తెర్నాతేకు పక్కనే ఉన్న హల్మహేరా దీవిలో ఇప్పుడు నికెల్ తవ్వుతున్నారు, విద్యుత్ కార్ల బ్యాటరీలకు. ముడి ఖనిజం ఎగుమతిని ఇండొనేషియా 2020 నుంచి ఆపేసింది, దాని మీద యూరోపియన్ యూనియన్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది, 2022లో తీర్పూ యూనియన్ వైపే వచ్చింది. ఇండొనేషియా అప్పీలు చేసుకుంది. దీని మీద వచ్చే పుస్తకాలు త్వరగా పాతబడిపోతాయి కనుక డబ్బు పెట్టి కొనకండి.

మీరు ఒక్కటే చదవాలంటే మాత్రం డేవిడ్ వాన్ రేబ్రూక్ రాసిన ‘రెవొలుసీ’ చదవండి. 2020లో డచ్చిలో వచ్చింది, 2024లో ఇంగ్లీషులోకి అనువాదమైంది. ఇండొనేషియా స్వాతంత్ర్య పోరాటాన్ని చూసిన ముసలివారు దాదాపు రెండు వందల మందిని వెతికి పట్టుకుని, దగ్గర కూర్చుని వారి మాటలు రాసుకున్నారు. 1945 నవంబరులో సురబయలో బ్రిటిష్‌వారు మన సిపాయిలను ఎలా ముందుకు తోశారో, 1955లో బాండుంగ్‌లో నెహ్రూ, సుకర్ణో ఎలా కలిశారో మీకు నచ్చుతుంది. దినుసుల పుస్తకాల్లో లేని మామూలు మనుషులు ఇందులో పుట పుటకీ ఉన్నారు.

జనవరిలో మీ అల్లుడి స్నేహితుడు విజయవాడ వస్తున్నాడు. ‘రెవొలుసీ’, ఘోష్ పుస్తకం అతనితో పంపుతాను. క్రౌలీది బరువెక్కువవుతుందంటున్నాడు, తరువాత చూద్దాం. ఈలోగా మీరు పెడన వెళితే చిరివేరు ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా, దొరికితే ఎక్కడి నుంచి తెస్తున్నారు, కాస్త కనుక్కుని రాయండి. అద్దకం చేసేవారినే అడగండి, దుకాణంవారిని కాదు.

అమ్మను జాజికాయలు పంపవద్దని చెప్పండి. ఇక్కడ ఉడికించిన కాలీఫ్లవర్ మీద కూడా అదే తురిమి చల్లుతారు. కందిపొడి పంపితే చాలు.

మీ
శారద