రేల చెట్టు, మూడు ఖాళీ గడులు

చి. స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. గంగ ఈనింది, పెయ్యదూడ. జున్ను వండిన రోజు మీ అమ్మ నీ పేరు మూడుసార్లు ఎత్తింది. ఫోనెందుకు చెయ్యట్లేదని నేను అడగను, బళ్ళో పనులుంటాయి. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని ఎవరో అన్నారట, నూజివీడు అత్తయ్య చెప్పింది. నేను పట్టించుకోలేదు.

చెట్లు ఎప్పుడు చిగురేస్తాయో, ఎప్పుడు పూస్తాయో నీ బడి పిల్లలు రాస్తున్న చెట్ల పుస్తకం ఫోటోలు తీరిగ్గా చూశాను. "వేప" అని రాశారు. ఏ వేప? నిరుడు గేటు దగ్గరిదీ, ఈ ఏడు బావి దగ్గరిదీ చూస్తే పోల్చడానికేం ఉండదు. ఒక్కో చెట్టుకూ నంబరు రేకు కట్టించు. మేకు కొట్టనివ్వకు, పురికొసతో వదులుగా కట్టాలి. మానుకు 1.3 మీటర్ల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాయించు. వారానికోసారి, అదే రోజున, చెట్టు చుట్టూ తిరిగి చిగురు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, విచ్చిన పువ్వు, కాయ, పండు దేనికది చూడాలి. లేదు, కొంచెం, ఎక్కువ, అంతే. చెట్టులో మూడో వంతు లోపైతే కొంచెం, దాటితే ఎక్కువ. దేశమంతటా బడిపిల్లలూ, మామూలు జనమూ చెట్లను గమనించి రాసే సీజన్‌వాచ్ కార్యక్రమం పద్ధతీ ఇదే. పూలు లెక్కపెట్టమంటే విసుగొచ్చి కల్పించి రాస్తారు.

అసలు లోపం రేల చెట్టు పేజీలో ఉంది. మార్చి 8న మొగ్గ లేదు. తర్వాత మూడు గడులు ఖాళీ. ఏప్రిల్ 5న పువ్వు "ఎక్కువ". మరి తొలి పువ్వు ఎప్పుడు విచ్చినట్టు? ఆ మూడు వారాలూ "లేదు" అని రాసున్నా తేదీ వారం తేడాలో తేలేది. ఖాళీ అంటే లేదని కాదు, ఎవరూ చూడలేదని. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక సాయంత్రం పని ఆగిపోయిందనుకుంటా. పొద్దున్నే ప్రార్థనకు ముందుకు మార్చు. నువ్వు ఫోను చెయ్యనిది కూడా ఆ వారాల్లోనే, ఊరికే గుర్తొచ్చింది.

రామం బాబాయి వాళ్ళ బళ్ళో ఏమైందో తెలుసా? ఆగస్టులో ఓ వేప నిండా ఎర్రటి చిగురు. పిల్లలు పెద్ద చార్టు గీసి "వాతావరణం మారిపోయింది" అని గోడకి అంటించేశారు. వీధి చివర గుడి దగ్గరి వేప మామూలుగానే ఉంది, అది ఎవరూ చూడలేదు. తీరా అటెండరు చెప్పాడు, కరెంటు తీగలకు తగులుతున్నాయని జూలైలో కొమ్మలు కొట్టేశారట. కొట్టిన చోట నిద్రపోయే మొగ్గలన్నీ లేచి చిగురేస్తాయి, ఋతువుతో పని లేదు. కుళాయి నీళ్ళు పారే చెట్టూ అంతే. అందుకే కొమ్మలు కొట్టినా, నీళ్ళు పెట్టినా, గాలివాన వచ్చినా పక్క గడిలో రాయించమనేది.

ఒక్క ఏడాది రేల ముందు పూస్తే దాన్ని వాతావరణ మార్పు అననివ్వకు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూల తేదీలు 9వ శతాబ్దం నుంచి రాసి ఉన్నాయి కనకే, 2021లో మార్చి 26న నిండుగా పూస్తే అది ఎంత ముందో చెప్పగలిగారు. మొదలుపెట్టినవాళ్ళు మధ్యలో వదిలేసి పోతే... సరే, పాఠం చెప్పనులే.

వేసవి సెలవుల్లోనే రేల బాగా పూస్తుంది. పిల్లలంతా అమ్మమ్మల ఊళ్ళకు పోతారు. బడి పక్కన ఇళ్ళున్న ఇద్దరికి ఇప్పుడే అప్పజెప్పు. ఎండెక్కకముందే చూడాలి, నువ్వూ టోపీ పెట్టుకో. రాత్రి ఏం తింటున్నావు?

సత్యం శనివారం అటు వస్తున్నాడు, సున్నుండలు పంపుతోంది అమ్మ. డబ్బా వాడితోనే తిప్పి పంపు. ఉత్త డబ్బా పంపకు, మానేస్తున్నావో లేదో రెండు ముక్కలు రాసి అందులో పెట్టు.

నాన్న