18 క్రెడిట్లు వద్దమ్మా

ఫ్రిస్కో, టెక్సాస్,
డిసెంబర్, ఆదివారం రాత్రి

అమ్మలూ,

నువ్వు పంపిన స్ప్రింగ్ సెమిస్టర్ ప్లాన్ చూశాను. ఆరు కోర్సులు, 18 క్రెడిట్లు. ఫోన్‌లో అయితే ఇద్దరం గొంతు పెంచుతాం, అందుకే రాస్తున్నాను. ఏడో క్లాసు దాకా తెనాలిలో చదివావు కాబట్టి నా రాత నీకు కష్టం కాదు.

కంప్యూటర్ సైన్స్ వదిలి అకౌంటింగ్‌కి మారావని నాకు కోపం లేదు. మొదట బాధపడ్డ మాట నిజం. ఆ రెండు రోజులు నీతో ముభావంగా ఉన్నాను, అది నా తప్పే. మూడు సెమిస్టర్ల ఫీజు దండగ చేశానన్న దిగులుతోనే నువ్వు ఈ 18 పెట్టుకున్నావని ప్లాన్ చూడగానే అర్థమైంది. మనసు చివుక్కుమంది.

ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు. క్లాసులో ఒక గంటకి బయట రెండు గంటలు చదవాలంటారు కదా. ఆ లెక్కన 18 క్రెడిట్లంటే వారానికి 54 గంటలు. లైబ్రరీ పని 10 గంటలు కలిపితే 64. ఎప్పుడు తింటావు, ఎప్పుడు పడుకుంటావు?

పోనీ అంత కష్టపడితే త్వరగా అవుతుందా అంటే, అదీ కాదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ పాసైతే గానీ మేనేజీరియల్ అకౌంటింగ్ ఇవ్వరు. అవి రెండూ అయ్యాకే ఇంటర్మీడియట్ అకౌంటింగ్ ఒకటి, తర్వాత రెండు, ఆ పైన ఆడిటింగ్. పక్కన ఎన్ని కోర్సులు పెట్టుకున్నా ఈ వరస ముందుకి జరగదు. మీ తాతయ్య కొట్లో సాయంత్రం పూట ఆ రోజు పద్దులన్నీ చిట్టాలో రాసేవారు, దాన్ని చూసి ఎవరి ఖాతా వాళ్లకి విడిగా ఉండే ఆవర్జాలోకి ఎక్కించేవారు. నేను పదేళ్లవాణ్ణి, తొందరగా ఆటకి పోవాలని ఒకసారి నేరుగా ఆవర్జాలో రాసేశాను. తిట్టలేదు, పేజీ కొట్టేసి మళ్లీ చిట్టా దగ్గర కూర్చోబెట్టారు. నువ్వు జనవరిలో నేర్చుకోబోయే జర్నల్, లెడ్జర్ అవే. ఆ మాట తలుచుకుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో.

అందుకని నేను ఇలా అనుకున్నాను. నీ 45 క్రెడిట్లలో 9 కొత్త డిగ్రీకి పనికిరావన్నావు. అంటే చేతిలో ఉన్నవి 36, డిగ్రీకి కావాల్సిన 120కి ఇంకా 84 చెయ్యాలి. సమ్మర్‌లో ఇంటికొచ్చి కాలిన్ కాలేజీలో 9 చెయ్యి. మొదటి సెషన్‌లో మేనేజీరియల్, మాక్రో ఎకనామిక్స్, రెండో సెషన్‌లో స్టాటిస్టిక్స్. టెక్సాస్‌లో ఈ కోర్సులకి కామన్ నంబర్లు ఉన్నాయి, ఒక కాలేజీలో చేసింది ఇంకో చోట ఏ కోర్సుకి సమానమో వాటితో పోల్చుకోవచ్చు. మేనేజీరియల్ అంటే అకౌంటింగ్ 2302. అయినా చేరేముందే మీ అడ్వైజర్‌తో ఈమెయిల్‌లో ఒప్పించుకో, నోటిమాట చాలదు. మిగిలేది 75. ఈ స్ప్రింగ్‌తో కలిపి ఐదు సెమిస్టర్లు, ఒక్కోదానికి 15. నాలుగేళ్లలోనే అయిపోతుంది తల్లీ. ఒకవేళ ఇంకో సెమిస్టర్ పట్టినా ఫీజు సంగతి మేం చూసుకుంటాం.

నువ్వు చేసిన కాలిక్యులస్‌ని బిజినెస్ కాలిక్యులస్ బదులు తీసుకుంటారేమో కనుక్కో. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ కోర్సు ఎలక్టివ్‌గా లెక్కలోకి వస్తుందేమో అదీ అడుగు.

ఆరు కోర్సులు తీసుకుని మధ్యలో ఒకటి వదిలేద్దామనుకుంటే, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ మొత్తానికి 6 డ్రాప్‌లే. సెమిస్టర్ మొదలయ్యాక క్లాసులు జరిగే 12వ రోజు లోపల తీసేస్తే అందులోకి రాదు. ఒకటి వాడేశావు కదా, మిగతావి జ్వరమొచ్చో ఇంకేదో అయినప్పటికి ఉంచుకో.

నీ ప్లాన్‌లో ఉన్న హిస్టరీ కోర్సు తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు, దాన్ని తీసెయ్యి. ఫైనాన్షియల్ అకౌంటింగ్ మాత్రం ఉదయం సెక్షన్‌లో తీసుకో, రాత్రి లైబ్రరీ పని చేసుకొచ్చి లెక్కలు ఎక్కవు.

నీ గదిలో అమ్మ కుట్టుమిషన్ పెట్టింది. మే నెలకల్లా తీసేస్తానంది. అడ్వైజర్‌ని కలిసిన రోజు రాత్రి ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

నాన్న