మా వాడి బేస్‌బాల్‌కు చెయ్యందించిన అందరికీ

బల్లార్షా, చంద్రపూర్, రాజురా వైపున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం. మా బాబు బడి చదువు అయిపోయింది, దాంతోపాటే బడి తరఫున ఆడే బేస్‌బాల్ కూడా. ఆ ఆట సామాను కొనడానికి దుకాణం లేని చోట వాడు ఇన్నేళ్లు ఆడాడంటే ఎవరి చేతనైన పని వాళ్లు చేసిపెట్టబట్టే. పేర్లు రాస్తే వద్దంటారని తెలుసు, అందుకే పనులే రాస్తున్నాం. రేపు ఇంకో పిల్లవాడికి అక్కరకొస్తాయని కొలతలు కూడా పెట్టాం.

ముందుగా పి.టి. సార్‌కు. ఇవాళ వాడి కుడి మోచెయ్యి నొప్పి లేకుండా ఉందంటే ఆయన బంతుల లెక్క రాసిన నోటుబుక్కు పుణ్యమే. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ పాటించే లెక్కనే ఆయన ఇక్కడా పట్టుకున్నారు. 14 ఏళ్ల వరకు ఉన్న పిచర్ (బంతి విసిరేవాడు) ఒక రోజు 20 బంతులు దాటకపోతే మర్నాడు మళ్లీ వేయొచ్చు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 36–50కి రెండు, 51–65కి మూడు, 66 నుంచి నాలుగు రోజులు. రోజు మొత్తానికి హద్దు 11–12 ఏళ్లవాళ్లకు 85 బంతులు, 13–16 ఏళ్లవాళ్లకు 95. ఫైనల్ మ్యాచ్ అయినా సరే, ఆ హద్దు దగ్గర పిచర్ మారాల్సిందే. ఈ వయసులో మోచేతి లోపలివైపు ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఆ పెరిగే చోట మెత్తటి మృదులాస్థే ఉంటుంది. బంతి విసిరిన ప్రతిసారీ కండరం లాగేది సరిగ్గా అక్కడే. నొప్పికి స్ప్రే కొట్టి ఆడిస్తే నొప్పి తెలియదు గానీ లాగుడు ఆగదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పిచింగ్ అయిపోయినవాణ్ని అదే రోజు క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, కూర్చోబెడతారు. క్యాచర్ కూడా ప్రతి బంతినీ తిరిగి విసరాలి కదా! 41 బంతులు గానీ అంతకు మించి గానీ వేసినవాడు ఆ రోజు క్యాచింగ్‌కు పోకూడదు. సాయంత్రం గల్లీ క్రికెట్‌లో వేసిన ఓవర్లు కూడా సార్ అడిగి మరీ రాసుకునేవారు, అవీ ఆ చేతి ఖాతాలోవే అని. యూట్యూబ్ చూసి వంపు తిరిగే కర్వ్ బంతి నేర్పమని పిల్లలు వెంటపడితే, ముందు నేరుగా వేగంగా వేసే నాలుగు కుట్ల పట్టు, తర్వాత చేంజప్ (అదే ఊపుతో నెమ్మదిగా వేసే బంతి), అంతవరకే అనేవారు.

ఆ లెక్క తప్పకుండా చూసింది మాత్రం జట్టులోని ఒక పిల్లవాడి నాన్నమ్మ. నెట్ వెనక కుర్చీ వేసుకుని, వేలికి తొడుక్కునే జపం కౌంటర్ నొక్కుతూ ఉండేవారు. కొట్టినా, వదిలేసినా, గీత బయటికి ఫౌల్ పోయినా ఒక్కో నొక్కు. వార్మప్ బంతులకు నొక్కరు. “సార్, ముప్పై ఐదు!” అని ఆమె కేకేస్తే అంపైర్ కూడా తిరిగి చూసేవాడు. అమ్మా, మీకు దండం.

బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే కాకా గ్లవ్‌లను బతికించారు. గ్లవ్‌లో ముందు తెగేది తోలు కాదు, వేళ్లను, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే జల్లెడను కలిపే తోలు లేసు. ఊడదీసేముందు నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. పాత లేసు చివరకు కొత్తది కట్టి ఒక్కో రంధ్రంలోంచి లాగాలి, అప్పుడు దారి తప్పదు. ఆయన వాడింది గేదె తోలు లేసు, సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పు. చవక కదా అని నైలాన్ తాడు వేస్తే అది తెగదు, రంధ్రాల దగ్గర తోలునే కోసేస్తుంది. వానలో తడిసిన గ్లవ్‌ను ఎండలో పెట్టొద్దు. నీడలో, లోపల బంతి ఉంచి ఆరనివ్వాలి. నూనె ఎక్కువ పట్టిస్తే బరువెక్కి వేళ్లు వాలిపోతాయి. కుట్లు విడిపోయిన బంతులనూ మైనం పట్టించిన దారంతో ఆయనే కుట్టారు. బేస్‌బాల్‌కు 108 జంట కుట్లుంటాయి, అంత ఓపిక ఎవరికుంది! అలా కుట్టినవి ప్రాక్టీసుకే వాడాం. బంతులు తక్కువయ్యాయని క్రికెట్ బంతిని అల్యూమినియం బ్యాట్‌తో కొట్టించొద్దు. బేస్‌బాల్ 142–149 గ్రాములు, క్రికెట్ బంతి 156–163. పైగా గట్టిది. బ్యాట్ సొట్ట పడుతుంది.

మైదానం గీసిచ్చిన మేస్త్రీ అన్నకు. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే పలక) వెనక మొన దగ్గర ఒక మేకు, అక్కణ్నుంచి 38.79 మీటర్ల దూరంలో రెండో బేస్‌కు (పరుగులో తాకాల్సిన దిండుకు) ఇంకో మేకు. రెండు మేకుల నుంచీ 27.43 మీటర్ల చొప్పున లాగితే, హోమ్ ప్లేట్ దగ్గర నుంచి చూస్తే కుడిపక్క కలిసేచోట మొదటి బేస్, ఎడమపక్క మూడోది. తాడు సాగుతుంది, స్టీల్ టేపే వాడాలి. పిచర్ నిలబడే పట్టీకి 18.44 మీటర్లు కూడా ఆ వెనక మొన నుంచే. ప్లేట్ ముందు అంచు నుంచి కొలిస్తే పిచర్ 43 సెంటీమీటర్లు వెనక్కి పోతాడు, బంతులన్నీ కిందికి జారతాయి.

హోమ్ ప్లేట్‌ను పాత సామాను దుకాణంలో దొరికిన కన్వేయర్ బెల్ట్ ముక్కతో చేశారు. 17 అంగుళాల చదరం కోసి, ఒక అంచు అలాగే ఉంచి, ఎదుటి రెండు మూలలనూ పక్క అంచుల సగం నుంచి ఎదుటి అంచు మధ్యకు ఏటవాలుగా తీసేస్తే అయిపోయింది. బెల్ట్‌లో రెండు రకాలు. లోపల గుడ్డ పొరలున్నదే తీసుకోవాలి, ఇనుప తీగలున్నది కోస్తే తీగ మొనలు బయటికొచ్చి నేల మీద జారుతూ స్లైడ్ చేసే పిల్లల కాళ్లు చీరుకుపోతాయి. బేస్‌లను టైలరమ్మ 15 అంగుళాల చదరంగా కాన్వాస్‌తో కుట్టి ఫోమ్ ముక్కలు నింపారు. ఇసుక నింపితే కదలదు నిజమే, కాలు మడత పడేదీ అందుకే.

మన నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. పిచర్ నిలబడే 10 అంగుళాల ఎత్తు దిబ్బ ఆ మట్టితో నిలవదు. ఇటుక బట్టీ అన్న కుమ్మరి మట్టి, ఇటుక పొడి ట్రాలీలో తెచ్చి పోశారు. పిచర్ ముందుకాలు పడే చోట రోజూ గుంట పడుతుంది. పొడి మట్టి వేసి తొక్కితే అప్పచ్చిలా లేచిపోతుంది. వదులు మట్టి తీసి, నీళ్లు చల్లి, తడి మట్టి వేసి దిమ్మిసతో కొట్టి, పైన తాడిపత్రి (టార్పాలిన్) కప్పాలి.

బడి ఆఫీసు క్లర్క్ సార్‌కు ప్రత్యేకంగా. ఇక్కడ మహారాష్ట్రలో మామూలుగా పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఆధార్‌లో ఒకలా, ఆట సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే ఆటలకిచ్చే గ్రేస్ మార్కుల దగ్గర చిక్కు. ప్రతి ఫారం ఆధార్ పక్కన పెట్టుకుని చూసి పంపారు.

వాడి సామాను పి.టి. సార్ గదిలో ఉంచాం: రెండు చెవులు మూసే హెల్మెట్, క్యాచర్ ప్యాడ్లు, ఎడమ చేతికి తొడిగే గ్లవ్ రెండు. ఎడమచేత్తో విసిరే పిల్లలకు కుడిచేతి గ్లవ్ కావాలి, అది మా దగ్గర లేదు. ఎవరింట్లోనైనా వాడకుండా ఉంటే సార్‌కు చెప్పండి, ఆరో తరగతిలో ఒక పాప ఎదురుచూస్తోంది.