పురుగును మొండిగా చేస్తున్నది మన స్ప్రేయరే

సంపాదకుడు గారికి,

టమోటా ధర పడిపోతే రోడ్డు మీద పారబోసిన కాయల ఫొటో, పెరిగితే కిలో ఎంత పలికిందన్న వార్త మీ జిల్లా పేజీలో తప్పకుండా వస్తాయి. ఆ కాయ మండీకి చేరేలోపు రైతు మందులంగడిలో ఎంత కట్టాడన్నది మాత్రం ఎప్పుడో గానీ రాదు. పలమనేరు, పుంగనూరు, వి.కోట వైపు టమోటా పెట్టేవాళ్లను అడిగి చూడండి. ధర తర్వాత వాళ్లు చెప్పే మాట ఒకటే: 'మందు పనిచేయడం లేదు.' నకిలీ సరుకు అమ్ముతున్నారని కొందరంటారు, కంపెనీలే పలచన చేస్తున్నాయని ఇంకొందరు. నకిలీలు లేవని నేననను. కానీ అసలైన మందు కొట్టినా పురుగు చావకపోవడానికి వేరే కారణం ఉంది. దాని గురించి అంగడిలో చెప్పరు, శాఖవాళ్లు చెప్పినా గట్టిగా చెప్పరు.

డార్విన్ 1859లో ప్రపంచం ముందు పెట్టిన ప్రకృతి వరణం, అంటే పరిస్థితిని తట్టుకున్నవి మిగిలి వాటి సంతానమే పెరగడం, మన టమోటా తోటల్లో నెలనెలా జరుగుతోంది. బడి పుస్తకాల్లో దానికి జిరాఫీ మెడ, గాలపాగస్ ఫించ్ పిట్టల ముక్కులు ఉదాహరణలుగా ఉంటాయి. బడి గోడ అవతలున్న తోట ఉండదు. అసలు 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠాన్నే తీసేసింది. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాళ్లు చదువుకుంటారు, సరే. పదితో ఆపేసి తోట పనిలోకి దిగే పిల్లవాడికే ఆ పాఠం ఎక్కువ అవసరమని జీవశాస్త్రం చెప్పి రిటైరైన నా అభిప్రాయం.

టమోటా ఆకును, కాయను తొలిచే టుటా పురుగునే తీసుకుందాం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 2006లో స్పెయిన్‌లో దిగింది, 2014లో మహారాష్ట్రలో కనబడింది, ఆ తర్వాత మన దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆకు పైపొరకూ కిందిపొరకూ మధ్య దూరి లోపలి పచ్చదనాన్ని తినేస్తుంది. అలాంటి ఆకును తుంచి ఎండకు పట్టి చూడండి. కాగితంలా పలచబడిన మచ్చలో పురుగు కదులుతూ కనిపిస్తుంది, ఓ మూల దాని నల్లటి పెంట కుప్పగా ఉంటుంది. కాయకైతే సూది మొనంత రంధ్రం పెడుతుంది. ఆ రంధ్రం ఉన్న కాయను మండీలో ముట్టుకోరు. ఆకు పొరల మధ్య బతకడమే దానికి సగం రక్షణ, పైన కొట్టిన మందు సరిగ్గా తగలదు. ఆడ పురుగు రెండు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. మన ఎండలకు ఒక తరం ముగియడానికి నెల చాలు. అంటే నారు నాటింది మొదలు చివరి కోత దాకా నాలుగైదు తరాలు మన తోటలోనే గడిచిపోతాయి.

ఇప్పుడు క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగుమందు కొట్టామనుకోండి. అది పురుగు కండరాల్లో ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. కాల్షియం అదుపు తప్పి కండరాలు బిగుసుకుపోతాయి, పురుగు మేత మానేసి చస్తుంది. అయితే బోలెడన్ని పురుగుల్లో ఏ ఒకటో రెండింటికో ఆ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం పుట్టుకతోనే వేరుగా ఉండొచ్చు. తాళం లోపల ఒక పన్ను మారినట్టే, చెవి దూరినా తిరగదు. ఇటలీ, గ్రీస్ తోటల్లో ఈ మందుకు చావని టుటాలో పరిశోధకులకు దొరికింది ఈ తేడానే. మందు ముట్టని తోటలో దానివల్ల పురుగుకు ఒరిగేదేమీ లేదు. మందు కొట్టిన నాడే దాని విలువ. పక్కనున్నవన్నీ పోతాయి, అది మిగులుతుంది, తోటంతా తనదే అన్నట్టు గుడ్లు పెడుతుంది. వారం తర్వాత మళ్లీ అదే మందు కొడతాం. ఏ ఒక్క పురుగూ మందు తాగి తాగి మొండిదవ్వలేదు. ముందునుంచే మొండిగా ఉన్నదాన్ని వెతికి, దాని పిల్లలే మిగిలేలా చేసింది మన భుజాన ఉన్న స్ప్రేయరు.

ఇది నిన్నమొన్నటి సంగతీ కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పండ్ల తోటల మీది పొలుసు పురుగు సున్నం-గంధకం ద్రావణానికి లొంగడం లేదని మెలాండర్ అనే శాస్త్రవేత్త 1914లోనే రాశాడు. డీడీటీ వచ్చిన కొన్నేళ్లకే ఈగలు దాన్ని తట్టుకున్నాయి. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి ఇచ్చారు. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీకి చావడం లేదని 2010లో ఆ విత్తన కంపెనీయే ఒప్పుకుంది. ఆ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఒకటి ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. చాలామంది దాన్ని వేయనే లేదు. ఎందుకు వేయాలో సరిగ్గా చెప్పినవాళ్లు ఉంటే కదా! ఆ వరుసల్లో మామూలు పురుగులు బతికి, చేనులో మిగిలిన మొండి పురుగులతో జతకడితే, పుట్టే సంతానంలో ఎక్కువ భాగం మళ్లీ బీటీకి చచ్చేదే. కొన్ని పురుగులను బతకనివ్వడమే మందును బతికించుకునే దారి అని ఆ రోజు రైతుకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే పత్తి రైతు ఇంత నష్టపోయేవాడు కాడు.

మొక్కా తన జాగ్రత్త తాను చూసుకుంటుంది. టమోటా కోతకెళ్లిన కూలీల చేతులు మధ్యాహ్నానికి పచ్చగా, తర్వాత నల్లగా జిగటపడిపోతాయి, సబ్బుకూ ఓ పట్టాన వదలవు. కాండం మీది సన్నటి నూగులో ఉండే జిగురు అది. చిన్న పురుగులు దానికి అంటుకుపోతాయి, ఆ వాసనంటే కొన్నింటికి పడదు. ఆండీస్ పర్వతాల వైపు పెరిగే కొన్ని అడవి టమోటా జాతుల్లో ఈ నూగు చాలా దట్టంగా ఉంటుంది. మనం పెద్ద కాయ, గట్టి తోలు, దూరం పోయినా చెడని రకం అంటూ ఏరుకుంటూ వచ్చేసరికి ఆ రక్షణ చాలావరకు పలచబడింది. ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, ఆకుముడత వైరస్ మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్‌ను బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చింది. పురుగును తట్టుకునే రకం మీదా అంత పట్టుదల చూపాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

అది వచ్చేదాకా చేతిలో ఉన్న మందులనైనా కాపాడుకోవాలి. ఇక్కడే అసలు చిక్కు. ఈమధ్య ఓ అంగడిలో 'పోయినసారి కొట్టింది పనిచేయలేదు, మార్చి ఇవ్వు' అంటే, 'సార్, ఇది కొత్తగా వచ్చింది, రెండు ట్యాంకులు కొట్టి చూడండి' అని వేరే డబ్బా చేతిలో పెట్టాడు. పేరు వేరు, రంగు వేరు, ధర ఇంకాస్త ఎక్కువ. లోపల ఫ్లుబెండియమైడ్. పోయినసారి కొట్టిన క్లోరాంట్రానిలిప్రోల్, ఇదీ ఒకే గ్రూపు, 28వది. పురుగును చంపే దారి రెండింటికీ ఒకటే కాబట్టి మొదటిదానికి తట్టుకున్న పురుగు రెండోదాన్నీ చాలావరకు తట్టుకుంటుంది. రైతు మందు మార్చాననుకుంటాడు, పురుగుకు ఏమీ మారలేదు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు గుర్తు ఉంటుంది గానీ అది మనకు ఎంత విషమో చెబుతుంది. పురుగును ఏ దారిన చంపుతుందో చెప్పేది గ్రూపు నంబరు. ఆస్ట్రేలియాలో దాన్ని లేబుల్ మీద కొట్టొచ్చినట్టు వేయడం తప్పనిసరి. మన దగ్గర యాంటీబయాటిక్ స్ట్రిప్ మీద ఎర్రగీత ఉందిగా, ఇదీ అంతే తేలిక.

జిల్లా అధికారులను కోరేది పెద్దదేమీ కాదు. మందు అమ్మిన ప్రతి బిల్లు మీదా గ్రూపు నంబరు రాయించండి. ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా 'ఈ నెల టమోటాకు ఈ గ్రూపు' అని బోర్డు పెట్టండి. 28 అయ్యాక 5 (స్పినోసాడ్), తర్వాత 6 (ఎమామెక్టిన్), ఆ తర్వాత 22 (ఇండాక్సాకార్బ్), ఇలా నెలకొకటి. వారానికొకటి మారిస్తే చాలదు. ఒక తరంలో మిగిలిన పురుగుల పిల్లలకు వేరే గ్రూపు ఎదురవ్వాలి, అందుకే నెల లెక్క. మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, తొలిచిన ఆకులను ఏరి కాల్చడం కూడా కలిస్తే కొట్టే మోతాదులే తగ్గుతాయి. మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టే అలవాటును కూడా గ్రామ ఉద్యాన సహాయకులు గట్టిగా ఆపించాలి. అది మూడు మందులనూ ఒకేసారి పాడుచేసుకునే పని.

ఇదంతా నేనొక్కడినే పాటించి లాభం లేదు. టుటా రెక్కల పురుగు గట్టు దాటి పక్క తోటకు పోతుంది, అక్కడిది ఇక్కడికి వస్తుంది. నా తోటలో నెల మార్చి, పక్కాయన వారంవారం 28వ గ్రూపే కొడుతుంటే మొండి పురుగు ఆయన దగ్గర తయారై నా దగ్గరికే చేరుతుంది. అందుకే మండలం మొత్తానికి ఒకే బోర్డు కావాలంటున్నాను. పొరుగునున్న కోలారు జిల్లా అధికారులతోనూ మాట్లాడి నెలలు కలుపుకుంటే ఇంకా మంచిది, పురుగుకు చెక్‌పోస్టు లేదు కదా. వచ్చే నాట్లకు నారు పోసేలోపే ఆ బోర్డులు గోడలెక్కాలి.

— ఒక టమోటా రైతు (విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు),
పలమనేరు, చిత్తూరు జిల్లా